ఆకాశం దుమ్ము, కిటికీ దుమ్ము

దుమ్ము మనిషికి దక్కిన వరం! ముక్కు మూసుకోకండి. పన్నెండేళ్లుగా ఆకాశ పరిశోధనశాలలో గదులు ఊడుస్తున్నదాన్ని, తెలిసే చెబుతున్నాను. ఈ నెలాఖరుకు నా కాంట్రాక్టు ముగుస్తోంది. పొడిగిస్తారో లేదో తెలియదు. అయినా సరే, దుమ్మును మాత్రం పల్లెత్తు మాట అనను.

మా సైంటిస్టుల పనేమిటో తెలుసా? విశ్వం పుట్టిన కొత్తలో వెలువడిన వేడి ఇప్పటికీ ఆకాశమంతా కాస్త మిగిలి ఉందట. ఒకచోట కొంచెం ఎక్కువ, ఒకచోట కొంచెం తక్కువ. ఎంత తేడా? డిగ్రీలో లక్షో వంతు! అది కొలవడానికి ఇరవై మంది, నాలుగేళ్లు, ఇంటి కప్పంత డిష్! నేనైతే పాలు కాగాయో లేదో గిన్నె మీద వేలు పెట్టి చూస్తాను.

అయితే నక్షత్రాల మధ్య కూడా దుమ్ము ఉంటుందట. దానికీ కాస్త వేడి ఉంటుందట. లెక్కల్లోంచి దాన్ని తుడిచేస్తేగాని అసలు వేడి కనబడదు. తుడవడానికి ముగ్గురు డాక్టరేట్లు, ఆరు కంప్యూటర్లు, ఒక ఏసీ గది. నాకు ఒక చీపురు, ఒక తడిగుడ్డ.

ఆ దుమ్మే లేకపోతే ఆ ముగ్గురికీ విమానాలెక్కడివి, సభలెక్కడివి, మెడలో వేలాడే కార్డులెక్కడివి? అంతదాకా ఎందుకు, మా ఆయన పోయాక నా ఇద్దరు కూతుళ్లనూ చదివించిందెవరు? చుట్టాలా? దుమ్మే!

మొన్న ఫలితం ప్రకటించారు. హాలు కిటకిటలాడింది. పెద్ద సైంటిస్టు గొంతు సవరించుకుని, "విశ్వారంభపు జాడ అని మేమనుకున్నది చాలామటుకు దుమ్మేనని తేలింది" అన్నాడు. చప్పట్లు! "మరింత లోతుగా పరిశీలించాలి" అన్నాడు. ఇంకా చప్పట్లు! ప్రాజెక్టుకు అక్కడికక్కడే ఐదేళ్ల పొడిగింపు!

మర్నాడు అదే హాలు కిటికీ అంచున వేలు పెట్టి గీసి చూసి, మేనేజరు నాకు మెమో ఇచ్చాడు.

"ఏంటమ్మా ఇది? ఇన్నేళ్లుగా ఊడుస్తున్నావ్, ఇంకా దుమ్మేనా?"

"ఆకాశంలో దుమ్మును వాళ్లూ నాలుగేళ్లుగా తుడుస్తున్నారు కదా బాబూ!"

"వాళ్లది రీసెర్చి, అమ్మా!"

ఆ ఒక్క మాటతో నా కళ్లు తెరుచుకున్నాయి. ఇన్నాళ్లూ ఎంత తెలివితక్కువగా దుమ్మును పూర్తిగా దులిపేస్తూ వచ్చాను! వెంటనే కాగితం తీసుకుని కాంట్రాక్టు పొడిగింపుకు అర్జీ రాశాను.

"అయ్యా, కిటికీ అంచున ఉన్నది చాలామటుకు దుమ్మేనని తేలింది. మరింత లోతుగా పరిశీలించడానికి ఐదేళ్లు కావాలి. చప్పట్లు అక్కర్లేదు, సంతకం పెడితే చాలు."