‘యూజువల్’ దిగ్విజయము

సూర్యుడింకను ఆవులించుచుండగా, వరిచేల నడుమ వెలసి, రైలుకూతలతో నిద్రలేచి, ఆటోహారన్లతో సుప్రభాతము పాడించుకొను తెనాలి మహాపట్టణమున, స్టేషను రోడ్డు టిఫిన్ హోటలను రణరంగమున, సైకిలు మరమ్మతు ధురంధరుడును, పంక్చర్ల పాలిటి పిడుగును అగు అబ్దుల్ షుకూర్ ఒక ఆదివారము సాధించిన ఘనకార్యము చెప్పెద, వినుడు. వినకున్న మీ ఖర్మ.

యుద్ధకారణ మెట్టిదనిన: ఆ మధ్య ఒక పెళ్లివిందులో, రేపల్లె నివాసియగు బావమరిది రిజ్వాన్, బిర్యానీ నమలుచు, తమ ఊరి హోటలులో తాను కూర్చుండి ‘ద యూజువల్’ అన్న చాలుననియు, ఏమి కావలెనని ఎవడును అడుగడనియు, తాను రోజూ తినునది తిన్నగా బల్ల మీదికి వచ్చుననియు గొప్పలు పోయెను. దొరలట్లే అందురట. బంధుగణమంతయు ‘అబ్బో’ యనెను. ఆ ‘అబ్బో’ షుకూరు గుండెలో ములుకై దిగెను. ఏళ్ల తరబడి ఒకే హోటలులో ఒకే బల్ల యొద్ద తినుచున్న తన్ను, నిన్నగాక మొన్న మీసము మొలచినవాడు మించుటయా?

“మా తెనాలిలోనూ అంతేరా. కావాలంటే ఆదివారం వచ్చి చూడు,” అని నోరు జారెను. నోరా, వీపుకు తేకే అని పెద్దలు ఊరకే యనిరా!

ఏలయన ఆ హోటలులో మన వీరుని బ్రతుకు పరమ దయనీయము. దుకాణము తెరచి, వచ్చినవారి చక్రములకు గాలి కొట్టి, తీరిగ్గా బయలుదేరుసరికి బారెడు పొద్దెక్కును. వడ్డించు నరసింహము గుక్క తిప్పుకొనక ‘ఇడ్లీ వడ దోశ పెసరట్టు ఉప్మా పూరీ’ యని దండకము చదువును. షుకూరు పెసరట్టు కోరును. అన్నీ అయిపోయాయండి, ఉప్మా ఒక్కటే ఉంది అని నరసింహము సెలవిచ్చును. చేయునది లేక, లోకమున తాను అన్నిటికంటె రోతపడు ఉప్మానే షుకూరు మింగును. ప్రతిదినమును ఇదే తంతు. పెందలాడే పోరాదా యందురా? ఆ మాట అని అని ఆయన భార్య ఎన్నడో విసిగినది.

ఇంటర్వ్యూల కోసము ఇంగ్లీషు వల్లించుచున్న కూతురు షబానా తండ్రికి అస్త్రవిద్య నేర్పెను. ఎవరైనా ఎలా ఉన్నారనిన ‘సేమ్ ఓల్డ్’, అనగా ఎప్పటివలెనే, అనవలెననియు, ‘ద యూజువల్’ను మాత్రము సాగదీయక, ఏమీ పట్టనట్టు, చూపు ఎటో ఉంచి విడువవలెననియు బోధించెను. షుకూరు ట్యూబులకు గాలి కొట్టుచునే జపము చేసెను.

ఆదివారము వచ్చెను. రేపల్లె పాసింజరు దిగిన రిజ్వాన్‌ను వెంటబెట్టుకొని, జనము మూగకముందే పని ముగింపవలెనని, షుకూరు జన్మకెల్ల మొదటిసారి పొద్దున్నే హోటలు ప్రవేశించెను. నరసింహము రానే వచ్చి దండకము అందుకొనెను. షుకూరు అరచేయి ఎత్తి, ఆ ప్రవాహమును నడుమనే ఆపి, గోడగడియారము వంక చూచుచు పలికెను.

“ద యూజువల్.”

హోటలంతయు స్తంభించెనని చెప్పిన అబద్ధమగును. ఎవని ఇడ్లీ వాడు తినుచుండెను. స్తంభించినది నరసింహ మొక్కడే.

“అంటే... రోజూ తినేదేనా అండి?”

“ఆఁ.”

నరసింహము లోనికి పోయెను. రిజ్వాన్ నోరు తెరచినవాడు మూయలేదు. ఇంత పట్టణములో తన్ను ఎరిగినవాడొకడున్నాడు గదా యని షుకూరుకు నిజముగనే కళ్లు చెమర్చినవి.

ఉప్మా వచ్చెను.

సరిగ్గా అప్పుడే, ముద్గపిష్టసంభవంబును, జీరకపలాండుశకలాలంకృతంబును, అల్లప్పచ్చడిసమేతంబును అగు పెసరట్టు, పొగలు గ్రక్కుచు ప్రక్కబల్ల మీద వాలెను. పెందలాడే వచ్చిన పాపమునకు అది యింకను అయిపోలేదు. నరసింహముది జాలిగుండె.

“సాయిబుగారూ, ఇవాళ పెసరట్టు ఉందండి. మార్చమంటారా?”

అయ్యయ్యో, ఏమి ధర్మసంకటము! ‘ఓరి నాలుకా, ఇన్నేండ్లు కాచితివి, నీ వంతు వచ్చినది, నిజమే. కాని ఇప్పుడు మార్చుకొన్న, రోజూ తినునదేదో నాకే తెలియదని ఈ బావమరిది రేపల్లె మొదలు బాపట్ల దాక చాటింపు వేయడా? నీకొక్కదానికి రుచియా, వంశమునకు పరువా?’ అని షుకూరు లోలోన గర్జించి, నోరూరిన ఉమ్మి గుటుక్కున మింగి, ప్లేటు దగ్గరకు లాగుకొనెను.

“అక్కర్లేదండి. నాది ఎప్పుడూ ఇదే.”

“ఒప్పుకున్నా బావా. నిన్నిక్కడ బాగానే ఎరుగుదురు,” అని రిజ్వాన్ తలవంచెను. తలవంచి, తనకు పెసరట్టు తెమ్మని, నెయ్యి దండిగా వేయించుకొని, వేళ్లు నాకుచు తినెను. షుకూరు కడపటి ముద్ద దాక పోరాడి, ఉప్మా నిశ్శేషము గావించి, విజయగర్వమున లేచెను.

నాటినుండి షుకూరు ఏ వేళ వచ్చినను, కూర్చుండకమునుపే, ఒక్క మాటయు అడుగక, నరసింహము చిరునవ్వుతో ఉప్మా తెచ్చి ముందుంచుచున్నాడు. పెసరట్టు ఉన్ననాడును ఉప్మాయే. జయము షుకూరునకు!