నిలువు గీత తర్వాత ఏమీ లేదు

దర్సోనో భార్య వెనింగ్ పోయిన రోజు వాళ్ల కెనాంగా సందులో కాలు పెట్టడానికి చోటు లేదు. నూరో రోజు ప్రార్థనకు కొన్ని చాపలు మిగిలిపోయాయి. ఏడాది ప్రార్థనకు వచ్చినవాళ్లంతా ఒక్క చాప మీద సర్దుకున్నారు. ఈ సాయంత్రం వెయ్యో రోజు ప్రార్థన. జావాలోని ఆ సోలో ఊళ్లో, వెయ్యో రోజు దాటాక, పోయినవాళ్ల పేరు మీద ఎవరినీ పిలవరు. అందుకే దర్సోనో ఆ ఉదయం ఒక్కటే అనుకున్నాడు. వెనింగ్‌తో కలిసి గమెలాన్ వాద్యాలు వాయించిన ఆడవాళ్లు రావాలి. ఇంకెవరూ రాకపోయినా ఫరవాలేదు.

ఆయన పని చేసేది బడి ఆఫీసులో. పిల్లలవీ, అక్కడ పనిచేసేవాళ్లవీ చిరునామాలు, ఇళ్ల ఫోన్ నంబర్లు ఉన్న డేటాబేస్ చూసుకుంటాడు. వాద్య బృందంలో వెనింగ్ తప్ప అందరూ ఆ బడి పిల్లల తల్లులే. కెనాంగా సందులో కొందరు, మెలాతి సందులో కొందరు. ప్రధానోపాధ్యాయుడి అనుమతి అడిగి, వాళ్లను వెతకడానికి కూర్చున్నాడు. సందు పేరు ఒక్కొక్కరు ఒక్కో తీరున రాశారు. అన్ని తీరులూ దొరికేలా, ఏం వెతకాలో కంప్యూటర్‌కు చెప్పే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఒకటి రాశాడు. ఒక పేరు, ఒక నిలువు గీత, ఇంకో పేరు, ఇంకో గీత. అందులో గీత అంటే "లేదా". చివర మావర్ సందు కూడా చేర్చి, అక్కడ ఎవరూ లేరని గుర్తొచ్చి చెరిపేశాడు. దాని ముందున్న గీత చెరపలేదు.

కంప్యూటర్ ఉన్నది ఉన్నట్టు చదువుకుంది. కెనాంగా, లేదా మెలాతి, లేదా ఏమీ లేకపోవడం. ఏమీ లేకపోవడం అనేది ప్రతి చిరునామాలోనూ దొరుకుతుంది. దొరికిన నంబర్లన్నిటికీ అని పంపిన సందేశం బడిలో ఇప్పుడున్నవాళ్లకూ, ఎప్పుడో చదివి వెళ్లినవాళ్లకూ, రిటైరైన మాస్టర్లకూ వెళ్లిపోయింది. "ఈ సాయంత్రం దర్సోనో ఇంట్లో ప్రార్థన. దయచేసి రండి." వెనింగ్ పేరు రాయబోయి మానేశాడు. రావలసినవాళ్లకు తెలుసు కదా అనుకున్నాడు.

ఎదురు బల్ల దగ్గర తుతిక్ ఫోన్ చూసుకుని, తల ఎత్తి ఆయన్ని చూసి, మళ్లీ ఫోన్ చూసుకుంది. అక్కడ పెద్దవాళ్లలో మగవాళ్లను పాక్ అనీ, ఆడవాళ్లను బు అనీ పిలుస్తారు.

"పాక్ దర్సోనో, మీకేం కాలేదు కదా?"

"ఏం కావాలి?"

"మీరు పోయారని ఊరంతా ఫోన్లు. మీరేమో ఇక్కడ టీ తాగుతున్నారు."

రిటైరైన డ్రాయింగ్ మాస్టరు ఏడుస్తూ ఫోన్ చేస్తే ఆమె దాన్ని దర్సోనోకే ఇచ్చింది. ఆయన నోరు విప్పగానే ముసలాయన ఏడుపు ఇంకా పెరిగింది. బాబూ, నీది అచ్చం మీ నాన్న గొంతేనన్నాడు. దర్సోనోకు పిల్లలు లేరు. ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి పెట్టేశాడు.

ఇంతలో గేటు దగ్గర సంతాపం రాసిన మనిషెత్తు పూల పలకలు దిగాయి, ఆయన పేరుతో. తెచ్చిన మనిషి అందినట్టు సంతకం అడిగాడు. దర్సోనో చేశాడు. ఆ మనిషి సంతకం చదివి, పలక చదివి, "పోయినాయన కాకుండా ఇంకెవరైనా పెట్టాలండీ" అన్నాడు.

దర్సోనో లోపలికి వెళ్లి తప్పు ఎక్కడుందో వెతికాడు. గీత కనిపించింది. ముందు దాన్ని తీసేశాడు. తప్పు కనిపించాక దిద్దకుండా ఉండలేని మనిషి. తర్వాత అదే వెతుకులాట క్వెరీతో ఇంకో సందేశం పంపాడు. "పొరపాటు జరిగింది. ఎవరూ పోలేదు. దయచేసి ఎవరూ రావద్దు." బృందంవాళ్లను సాయంత్రం ఇంటింటికీ వెళ్లి పిలుద్దామనుకున్నాడు.

గీత పోయింది కాబట్టి ఈసారి క్వెరీ సరిగ్గా పని చేసింది. సందేశం కెనాంగా, మెలాతి సందులవాళ్లకు మాత్రమే వెళ్లింది.

సాయంత్రం ఆయన సందు మొదటికి చేరేసరికి దారంతా కార్లు. వచ్చినవాళ్లు ముందు ఆయన్నే పక్కకు జరగమన్నారు, తర్వాత గుర్తుపట్టి, బృందంవాళ్ల ఇళ్లకు వెళ్లనివ్వకుండా లోపలికి తీసుకుపోయారు. ఆయన బతికే ఉన్నాడని తెలిసి కొందరు సిగ్గుపడ్డారు. ఎలాగూ వచ్చాం కదా అని అందరూ కూర్చున్నారు. చాపలు చాలక పక్కింటివి తెచ్చారు. ప్రార్థన చేయించే పెద్దాయన ఎవరి పేరు చెప్పాలని అడిగాడు.

"వెనింగ్."

"ఎవరామె?" అని వెనక నుంచి ఎవరో నెమ్మదిగా అడిగారు.

"నా భార్య."

అందరూ గొంతెత్తి చక్కగా ప్రార్థించారు. ఆమె వాయిస్తుండగా విన్నవాళ్లు ఆ చాపల మీద ఒక్కరూ లేరు.

జనం వెళ్లాక ఆయన మెలాతి సందుకు వెళ్లాడు. బృందంలో డోలు వాయించే బు తుమినా గుమ్మంలో కూర్చుని ఉంది. ప్రార్థనకని వేసుకున్న పండగ రవిక ఇంకా మార్చుకోలేదు.

"రావద్దని మీరే రాశారు కదా, పాక్. కార్లవాళ్లకే చోటు చాలదేమో అనుకున్నాం."

"అది మీకోసం రాసింది కాదు, బు."

"మాకే వచ్చింది. ఆ కార్లవాళ్లను అడిగాం. ఎవరికీ రాలేదన్నారు."

నిలువు గీత సంగతి వదిలేసి, రేపు వస్తారా అని అడిగాడు.

"వస్తాం. కానీ రేపు వెయ్యో రోజు కాదు కదా" అంది తుమినా.

ఇంటికొచ్చి చాపలు చుడుతుంటే అలమారాలో చిన్న వెలుగు కనిపించింది. వెనింగ్ ఫోన్. ఛార్జింగ్ పెట్టడం ఆయన మానలేదు. బడి డేటాబేస్‌లో ఆయన ఇంటి నంబరు ఆమెదే, ఇల్లూ కెనాంగా సందే కాబట్టి రమ్మని ఒక సందేశం, రావద్దని ఒక సందేశం, రెండూ వచ్చి ఉన్నాయి.

రెండూ ఇంకా ఎవరూ తెరవలేదు.