పేనుబంకకో నమస్కారం

పెరట్లో ఆకుకూరలు పెంచే ప్రతివారూ పొద్దున్నే లేచి పురుగులకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాలి. నవ్వకండి. ఈ మాట నేను పూర్తి స్పృహలో ఉండి, కాఫీ కూడా తాగాక రాస్తున్నాను.

పురుగు చేసే మేలు అంతా ఇంతా కాదు. ఆకుకు చిల్లులు పడితే గాలీ వెలుతురూ ధారాళంగా ఆడతాయి. పురుగు కొరికిన ఆకంటే టెస్ట్ పాసైన ఆకు! మనకంటే ముందు రుచి చూసి, బతికి బట్టకట్టి, భరోసా ఇచ్చే ఉద్యోగి జీతం లేకుండా దొరకడం ఈ రోజుల్లో మాటలా? ఆకుల అడుగున గుడ్లున్నాయేమోనని వంగి వంగి చూసి నా పొట్ట రెండంగుళాలు తగ్గింది. మూడేళ్ళు జిమ్ముకు వెళ్తే తగ్గింది నా ఓపిక మాత్రమే.

మా ఆవిడ ఏటా చలికాలం మొదట్లో పాలకూర, ఆవాకు కలిపి ఇరవై నాలుగు మొక్కలు వేస్తుంది. మూడు చలికాలాలు గడిచినా ఆ కూర నా కంచంలోకి రాలేదు. ఎందుకు రాలేదో కాస్త ఆగి చెప్తాను. ఈసారి మాత్రం, "మొదటి కోత మనదే. ఆదివారం మీకు గిన్నెడు కూర" అని మాటిచ్చింది. ఆ గిన్నె కోసమే బతుకుతూ వచ్చాను.

ఒక ఉదయం పెరట్లోంచి కేకేసింది. "ఏవండీ, పేనుబంక పట్టింది. మందు పట్రండి."

పేనుబంక అంటే ఆకుల వెనక బంకలా అంటుకుని రసం పీల్చే చిన్న చిన్న పురుగులు. ఇది నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు పేపర్లో తల దూర్చి ఉన్నాను కనుక సగం మాటే చెవిన పడింది. సరాసరి మందుల షాపుకు వెళ్ళాను.

"పేలు పట్టాయండీ. మందివ్వండి."

"ఎంతమందికి?" అన్నాడు షాపాయన.

"మొత్తం ఇరవై నాలుగు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చిన్నపిల్లలా?"

"అన్నీ లేతవే. రెండు పూటలా నీళ్ళు పోస్తూనే ఉన్నాం. అయినా తలలు వాల్చేస్తున్నాయి."

"ఎక్కడుంచారండీ అందర్నీ?"

"పెరట్లో. వరసగా."

ఆయన ఆరు సీసాలు కౌంటర్ మీద పెట్టి, దువ్వెన ఫ్రీ అని చెప్పి, రెండడుగులు వెనక్కి జరిగాడు. నా వెనక నిలబడ్డ పై వాటా పిన్నిగారు నాలుగడుగులు జరిగారు.

ఇంటికొచ్చాక మా ఆవిడ ఆ సీసాలనూ దువ్వెననూ చూసి, కళ్ళనీళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. "పాలకూరకి తలంటుతారా?" అని అడిగింది. తర్వాత తనే సబ్బు నీళ్ళు కలిపి ఆకుల వెనక కొట్టింది. నాలుగు రోజుల్లో బంక వదిలింది.

ఈలోగా పిన్నిగారు కూడా తన వంతుగా వార్తను వీధంతా చల్లేశారు. ఆ రోజునుంచీ మా గేటు కిర్రుమంటే ఒట్టు! అంతకుముందు రోజూ ఎవరో ఒకరు "రెండు రెమ్మలమ్మా" అంటూ, దిండు పట్టే సంచీతో వచ్చేవారు. మూడేళ్ళూ కూర నా కంచందాకా రానిది అందుకే. ఇప్పుడు జుట్టు గట్టిగా పట్టుకుని అవతలి వైపునుంచి నడుస్తున్నారు. మా పాలకూర అరచేతంత ఆకులేసింది. నేను లోలోపల పొంగిపోయాను.

ఆదివారం వచ్చింది. మా ఆవిడ కత్తిపీట ముందేసుకుంది. గేటు కిర్రుమంది.

మా అక్క మొగుడు, బావగారు. చేతిలో రెండు సంచులు.

"లోపలికి రాకండి బావగారూ, ఇంటినిండా పేలు" అన్నాను, గొంతులో వీలైనంత విషాదం నింపుకుని.

బావగారు టోపీ తీశారు. వరండా అంతా వెలుగొచ్చింది.

"నాకెక్కడ పడతాయోయ్" అన్నారు.

అరగంటలో అంతా అయిపోయింది. పురుగైతే ఈనెలైనా వదిలేది. బావగారు మొదళ్ళు కూడా వదల్లేదు. మా ఆవిడ కత్తిపీట మడిచి లోపలికెళ్ళింది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

ఇప్పుడు చెప్పండి పాఠకులారా. ఏ పురుగైనా సంచీ తెచ్చుకుందా? "మీ అక్కకిష్టం" అంటూ కోసుకుందా? పురుగుకు సబ్బు నీళ్ళు కొట్టొచ్చు, బావగారికి కాఫీ ఇవ్వాలి.

కాఫీ తాగి, సంచులు రెండూ ఎత్తుకుని వెళ్తూ ఆయన గుమ్మం దగ్గర ఆగారు. కిటికీలో పెట్టిన ఫ్రీ దువ్వెన కంటపడింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నున్నటి తల ఒకసారి నిమురుకున్నారు.

"ఇది వాడటం లేదుగా?" అని జేబులో వేసుకున్నారు.