సముద్రానికి సవరణలు

సముద్రానికి ఐదు రోజుల నడక దూరంలో ఒక పెద్ద అడవి ఉండేది. ఆ అడవిలో సముద్రాన్ని చూసిన ప్రాణి దాదాపు లేదు. టీవీ మాత్రం ప్రతి గుహలోనూ, ప్రతి పొదలోనూ ఉండేది.

చూసిన ఒక్క ప్రాణీ కొంగ కనకాంగి. అడవి టీవీ కేంద్రంలో పనిచేసేది. ఒంటికాలి మీద గంటల తరబడి నిలబడి చూడటం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య. కెమెరా మెడకు తగిలించుకుని రెండేళ్లు తీరం వెంట తిరిగింది. ఉప్పుగాలికి రెక్కలు గరుకెక్కాయి. చివరికి పన్నెండు భాగాల సీరియల్ పట్టుకొచ్చింది.

మొదటి భాగంలో ఒక పీత బొరియ తవ్వుకుంది. అల వచ్చి పూడ్చేసింది. పీత మళ్లీ తవ్వుకుంది. అంతే.

మర్నాటికి ఉత్తరాలు గంపలతో వచ్చిపడ్డాయి.

"అరగంట చూశాం, ఎక్కడా గడ్డి లేదు" అని జింకలు రాశాయి. "కొబ్బరిచెట్టు చూపించారు, ఎక్కేవాణ్ణి చూపించలేదు. ఇది మా జాతికి అవమానం" అని కోతుల సంఘం ముద్ర వేసి మరీ పంపింది. కుందేలుకి సాగదీసినట్టుంది. ఏనుగు కూర్చునేలోపే అయిపోయింది. అడవిదున్నకి నీళ్లు నచ్చాయి కానీ బురద తక్కువైంది. పగలు ప్రసారం చేసినందుకు తాను చూడలేదనీ, అయినా బాగాలేదనీ గుడ్లగూబ రాసింది.

ఏదుపంది ఎర్రమ్మ ఉత్తరం ఒక్కటే వేరు. "వానకి నా బొరియ కూలి వారమైంది. ఇక ఎందుకులే అని బయటే పడి ఉన్నాను. మీ పీతని చూశాక లేచి తవ్వుకున్నాను."

కనకాంగి దాన్ని రెండుసార్లు చదువుకుంది. నక్క నాగలింగం మాత్రం 'విషయానికి సంబంధం లేనిది' అని రాసి పక్కన పడేశాడు. ఆయన ప్రేక్షకాభిప్రాయ శాఖాధికారి.

కేంద్రానికి అధిపతి ఎలుగుబంటి భల్లారావు. తేనె గురించి తప్ప ఆయనకి దేని మీదా సొంత అభిప్రాయం ఉండేది కాదు. అందుకే ఆ కుర్చీ ఇచ్చారు.

"అభిప్రాయాలు మిశ్రమంగా ఉన్నాయండి" అన్నాడు నాగలింగం.

"మిశ్రమం అంటే మంచిదా, చెడ్డదా?"

"కుర్చీకి మంచిది కాదండి."

భల్లారావు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కనకాంగిని పిలిపించాడు.

"మీ పనితనానికి వంక లేదు కనకాంగి గారూ. చిన్న చిన్న సవరణలే" అని నాగలింగం మొదలుపెట్టాడు. "సముద్రం మరీ మీదికొస్తోందని కొందరు, మరీ వెనక్కి పోతోందని కొందరు అంటున్నారు. మధ్యలో ఎక్కడైనా నిలబెడితే ఇద్దరికీ న్యాయం చేసినట్టుంటుంది."

"అల నిలబడదండీ."

"మీరు చెప్పి చూశారా?" అని అడిగాడు భల్లారావు.

కనకాంగి నెమ్మదిగా అంది. "మిగతావి మీ ఇష్టం. ఐదో భాగం మాత్రం ఉంచండి. పోటు ఎప్పుడొస్తుందో, నీరు ఎంత లోపలికి వస్తుందో అందులోనే ఉంది."

"ముందు తియ్యాల్సింది అదే" అన్నాడు నాగలింగం. "వేళకి వచ్చిపోయే నీళ్లని ఎవరు చూస్తారండీ?"

రాజీనామా రాసేద్దామనుకుంది కనకాంగి. తాను పోతే ఆ పీతనీ తీసేస్తారని ఆగింది. ఆగినా తీసేశారు.

మిగతా భాగాలన్నీ ఏనుగుల మడుగులో తీశారు. నీలం రంగు కోసం నేరేడుపళ్లు పిసికి కలిపారు. ఒడ్డున పచ్చిక పరిచారు. కొబ్బరిచెట్టు మీద కోతిని కూర్చోబెట్టారు. బురదలో దున్నని పడుకోబెట్టారు. అల అనేది లేకుండా చేశారు.

ఎవరి ముఖం వాళ్లకి కనబడింది కాబట్టి అందరికీ నచ్చింది. ఫిర్యాదు అన్నది లేదు. భల్లారావుకి పూలదండలు పడ్డాయి. ఆ ఊపులో నాగలింగం 'సముద్ర దర్శన యాత్ర' ప్రకటించాడు. అడవి సగం బయల్దేరింది. వద్దని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి, వీళ్లని ఒంటరిగా వదల్లేక కనకాంగి కూడా వెంట నడిచింది.

వాళ్లు చేరేసరికి సముద్రం ఆటు మీదుంది. నీరు ఎక్కడో దూరాన సన్నని గీతలా మెరుస్తోంది. మధ్యలో మైలు మేర తడి ఇసుక.

"చూశారా, మనం చెప్పినచోటే నిలబడింది" అన్నాడు నాగలింగం.

మిగతావాళ్లకి మాత్రం నచ్చలేదు. నీలంగా లేదని ఒకరు, చేపల కంపని ఒకరు, పచ్చిక ఏదని జింకలు. సరే, సముద్రానికే ఒక అర్జీ పెట్టుకుందామని అందరూ ఆ తడి ఇసుక నడుమ సభ తీర్చారు.

కనకాంగి కాళ్ల దగ్గర పీతలు గబగబా బొరియలకి మూతలు వేసుకుంటున్నాయి. వెనక్కి తిరిగి చూసింది. తాము దాటి వచ్చిన పాయలోకి చప్పుడు లేకుండా నీరు ఎక్కుతోంది.

"లేవండి. పోటు వచ్చేస్తోంది. గట్టెక్కాలి."

"మేడమ్ గారి అభిప్రాయం నమోదు చేసుకున్నాం" అన్నాడు నాగలింగం. "సముద్రం రాదు అనేవాళ్లు చేతులెత్తండి."

అందరూ ఎత్తారు. ఎత్తిన చేతులు దించేలోపు నీరు మోకాళ్లకి వచ్చింది.

తర్వాత సభా లేదు, అర్జీ లేదు. కుందేళ్లు ఏనుగు మీదికెక్కాయి. భల్లారావు దున్న తోక పట్టుకున్నాడు. నాగలింగం ముక్కు మాత్రమే పైకి కనబడుతోంది. కనకాంగి పొడుగు కాళ్లతో అడుగడుగూ లోతు కొలుస్తూ, ఇసుకమేట ఎటుందో వెతుకుతూ ముందు నడిచింది. ఎగిరిపోగలదు. ఎగరలేదు.

"కనకాంగమ్మా, నువ్వు చెప్పిందే నిజం తల్లీ" అని భల్లారావు ఏడ్చాడు.

"ఐదో భాగం రోజుకి రెండుసార్లు వేయిస్తాను" అన్నాడు నాగలింగం ఉప్పునీళ్లు కక్కుతూ.

అందరూ గట్టెక్కారు. ఒళ్లు ఆరింది. ఆరుతున్నకొద్దీ మాటలు మారాయి. మొత్తానికి సముద్రం బాగానే ఉందనీ, చివర్లో కాస్త అతి చేసిందనీ జింకలు అన్నాయి. కోతులకి తమని ముంచిన అల కంటే దున్నని ముంచిన అల పెద్దదిగా అనిపించింది.

అడవికి చేరాక విచారణ జరిగింది. ఆమోదించిన సీరియల్‌కి భిన్నంగా ప్రవర్తించినందుకు సముద్రాన్ని తప్పుపట్టారు. పోటు సంగతి ముందే తెలిసీ ప్రేక్షకులకి నచ్చేలా చెప్పలేకపోయినందుకు కనకాంగిని సంజాయిషీ అడిగారు. నాగలింగం కొత్తగా పెట్టిన సముద్ర సంస్కరణ శాఖకి పెద్ద అయ్యాడు.

కనకాంగి సంజాయిషీ రాసిచ్చింది: "సముద్రం నా మాట వినదు. మీరూ వినరు. సముద్రం కనీసం విన్నట్టు నటించదు."

కాగితం బల్ల మీద పెట్టి, సముద్రం ఉన్న తూర్పు దిక్కుగా ఎగిరిపోయింది.

ఇందులో నీతి ఒకటే: మునుగుతున్నవాడి అభిప్రాయాన్ని నీళ్లలో ఉండగానే రాయించుకోవాలి, ఒడ్డెక్కితే అది మారిపోతుంది.