ముప్పై రాత్రుల ఊపిరి

తొమ్మిదింటికల్లా ఆసుపత్రిలో సంతకం పెట్టించుకుని, పదింటికి డిపోలో బస్సెక్కాలన్నది ఆ ఉదయం డ్రైవరు గారి లెక్క. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఆయనది. పట్టపగలు స్టీరింగు మీద కునుకు తీసి, బస్సును డివైడరుకు గుద్దించిన ఘనతా ఆయనదే. లోపలున్న నలభై మందికీ ఏమీ కాలేదు. మాస్కు తగిలించుకుని, గాలి కొట్టే మిషన్‌తో ముప్పై రాత్రులు పడుకున్నట్టు ఆ మిషనే నమోదు చేసిన రిపోర్టు తెస్తే తప్ప మళ్లీ బండి ఇవ్వమని డిపో వాళ్లు తేల్చిచెప్పారు.

చిక్కేమిటంటే, ఆ మాస్కు ఆయన మొహాన పది నిమిషాలు నిలవలేదు. గాలి ఒక్కసారిగా మీదపడేసరికి ఉక్కిరిబిక్కిరై పీకేసేవారు. ఉద్యోగం ఊడుతుందని హడలిపోయిన భార్య మొదటి రాత్రే దాన్ని తన మొహానికి తగిలించుకుంది.

"మిషన్‌కి ఊపిరి కావాలి. ఎవరిదైతే దానికెందుకు? మీకు అలవాటయ్యేదాకానేలెండి," అంది.

డాక్టరమ్మతో చెప్పాలనే ప్రతి వారం వెళ్లేవారు. నిండు బస్సును ఒక్క కేకతో సర్దే మనిషి, ఆవిడ "ఎలా ఉందండీ?" అనగానే "బాగానే ఉందండీ" అని లేచి వచ్చేసేవారు. రిపోర్టులో ఊపిరి ఇంకా ఆగుతూనే ఉందని డాక్టరమ్మ గాలి పెంచింది. పెంచిన గాలికి ఆయన మాస్కు ముట్టుకోవడమే మానేశారు. మరో వారం, మరో "బాగానే ఉంది", మరికాస్త గాలి. విచిత్రంగా భార్య మాత్రం పొద్దున్నే లేచి కూనిరాగాలు తీస్తోంది. ఆయన పళ్లు తోముకుంటూ నిద్రపోతున్నారు.

"ముప్పై రాత్రులు, ఒక్కటీ తప్పలేదు. ఇవాళే బండెక్కండి," అంటూ ఆ ఉదయం డాక్టరమ్మ పెన్ను తీసింది. నోరెత్తొద్దని భార్య మోచేత్తో పొడిచింది. ఆయన కళ్లముందు ఆ నలభై మందీ మెదిలారు. భయమేసింది, ఉద్యోగం గురించి కాదు.

"సంతకం పెట్టకండి. ఆ ఊపిరి నాది కాదు."

పెన్ను ఆగింది.

"మూడుసార్లు అడిగాను కదండీ?"

"అడిగారు. నేనే అబద్ధం చెప్పాను. ఇంకోసారి అడగండి. చెప్పేదాకా ఈ కుర్చీలోంచి లేవను."

డాక్టరమ్మ అడిగింది. గాలి మొదట్లోనే తట్టుకోలేకపోతున్నానని, ముక్కు ఎండిపోతోందని, మాస్కు అంచు కోసుకుపోతోందని ఆయన అన్నీ చెప్పారు. ఆవిడ వాళ్లు వెంట తెచ్చిన మిషన్‌లో గాలి మెల్లగా మొదలై పెరిగేలా మార్చింది, నీళ్ల డబ్బా బిగించి తేమ పెట్టింది, మెత్తటి మాస్కు తెప్పించి అక్కడే తొడిగి చూసింది. చూస్తుండగానే ఆయన కుర్చీలో హాయిగా నిద్రపోయారు.

డాక్టరమ్మ పాత రిపోర్టు తిరగేసింది.

"మరి ఈ ఊపిరి ఎవరిది?"

"నాదేనమ్మా. క్షమించండి," అంది భార్య.

"మొదటి వారం మీ ఊపిరి గంటకు ఇరవైసార్లు ఆగింది. ఇప్పుడు ఆగడమే లేదు."

డ్రైవరు గారు బస్సెక్కడానికి ఇంకో ముప్పై రాత్రులు పట్టింది. ఏ జబ్బూ లేదనుకున్న భార్యకు మాత్రం పరీక్ష చేయకముందే వైద్యం కుదిరిపోయింది.