చౌకులో కూలీల వల్ల లాభాలు

పొద్దున్నే మన చౌకులో నిలబడే కూలీలను తిట్టకండి! నాందేడుకు ఈ మధ్య పట్టిన మహాభాగ్యం వాళ్ళే.

నమ్మరా? మర్ఖేల్ వైపు పంటలు పోయి సంగప్ప, అతని భార్య శివవ్వ, మరికొందరు పని వెతుక్కుంటూ ఇక్కడికొచ్చారు. అంతకుముందు బట్టల కొట్టు రాధాకిషన్‌కూ, ఎదురింటి శంకర్రావుకూ మోరీ నీళ్ళ తగాదాతో మాటల్లేవు. ఇప్పుడో? ఒకే జంపఖానా మీద కూర్చుని ఒకే పళ్ళెంలో తమలపాకులు ఏరుకుంటున్నారు! చౌకు రక్షణ కమిటీ పుట్టింది. శంకర్రావు ప్రెసిడెంటు. నేను మెంబరును. మరాఠీ, ఉర్దూ, తెలుగు మూడింటిలోనూ ఏకగ్రీవంగా తేల్చాం: కూలీలు చౌకును పాడుచేస్తున్నారు.

ఎలాగంటారా? నిలబడి!

మర్నాడే కమిటీ కదిలింది. శంకర్రావు చేతికర్ర ఊపి, "ఈడ నిలబడొద్దు, నడువుండ్రి!" అన్నాడు.

"మరి ఏడ నిలబడాలె, రావుసాబ్?" అంది శివవ్వ.

"మా కంటికి అగుపడని జాగల."

"అగుపడకపోతె పనికెట్ల పిలుస్తరు?"

ఇంత కఠినమైన ప్రశ్నకు మేం సిద్ధపడి రాలేదు. ఆలోచిస్తుండగానే ధబ్బుమని చప్పుడు. ముసురుకు నానిన శంకర్రావు వంటింటి మట్టిగోడ కూలింది. లోపల ఆయన తల్లి సుందరాబాయి!

కమిటీ తక్షణం పనిలోకి దిగింది. అంటే, కేకలు వేసింది. రాధాకిషన్ ధోవతికి మట్టి అంటకుండా ఎత్తి పట్టుకున్నాడు. సంగప్ప మనుషులు మాత్రం ఏ తీర్మానమూ లేకుండానే చేతులతో మట్టి తోడేశారు. శివవ్వ సందులోంచి పాకి వెళ్ళి ముసలమ్మను బయటికి లాక్కొచ్చింది. ప్రాణం ఉంది! నోట్లో మట్టి ఉమ్మేసి నీళ్ళడిగింది.

శంకర్రావు వెక్కి వెక్కి ఏడ్చాడు. అది నిజమైన ఏడుపే. సాయంత్రం కమిటీ కూలీలకు కృతజ్ఞతలు తెలిపింది. పొద్దున్నకల్లా చౌకు ఖాళీ చెయ్యాలని కూడా తెలిపింది. రెండూ ఒకే నోటితో!

తెల్లవారి వెళ్ళి చూస్తే, కూలీల వరసలో సుందరాబాయి కూర్చుని ఉంది.

"అమ్మా, లేవే! ఇజ్జత్ పోతది," అన్నాడు కొడుకు.

"గోడ ఎవడు కడుతడురా? నీ కమిటీనా? ఈళ్ళను పనికి పిలువు, లేస్త."

"పిలుస్త. పనైనంక మాత్రం ఊరిడిసి పోవాలె."

"గట్లయితె నేను గూడ ఈళ్ళెంబడే పోత."

శంకర్రావు కర్ర దించి సంగప్పను పిలిచాడు. గోడ లేస్తోంది. వాళ్ళు చౌకులోనే ఉన్నారు.

పాఠకులారా, నాకు మిగిలిన బాధ ఒక్కటే. మాకు కావలసింది చేతులు. మర్ఖేల్ వాళ్ళు ఆ చేతులు మాత్రమే పంపితే ఏం పోయేది? వాటి వెంట మనుషులు కూడా రావాలా!