గోవర్ధనరావుగారు కంప్యూటరుకి తెలుగు నేర్పిన వైనం

ఆరు నెలల్లో కంప్యూటర్ల చేత తెలుగు మాట్లాడిస్తామని, మాట్లాడని కంప్యూటర్లపై శాఖాపరమైన చర్యలు తప్పవని కంప్యూటరు తెలుగు సాధికార సంఘం అధ్యక్షులు గోవర్ధనరావుగారు గుడివాడ సభలో ప్రకటించారు. అది రెండు వేల ఆరు, ఆగస్టు నెల. అంతకుముందు ఆయన రోడ్ల సంఘంలో ఉండేవారు. రోడ్లు ఆయన మాట వినలేదు. కంప్యూటర్లైనా వింటాయని ప్రభుత్వం ఆశ.

పేపర్లో ఆ వార్త చదువుతూంటే స్వర్ణలతకి టీ పొలమారింది. బందరు కోనేరు సెంటర్లో ఆమెకొక చిన్న కంప్యూటరు సెంటరుంది. పగలు ఆడపిల్లలకి ప్రభుత్వ శిక్షణ తరగతులు చెబుతుంది. సాయంత్రం తలుపులు వేసేముందు గంటసేపు ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కి తెర మీది ఇంగ్లీషు మాటలకి బదులు తెలుగు మాటలు రాస్తుంది. ఉత్తరాలూ పట్టికలూ తయారుచేసుకునే సాఫ్ట్‌వేర్ అది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయొచ్చు. రెండేళ్ళలో నాలుగు వేల మాటలు రాసింది. వచ్చే శుక్రవారంలోగా పంపితే కొత్త వెర్షన్‌లో వస్తాయి. లేకపోతే మళ్ళీ ఏడాది ఆగాలి.

మంగళవారం గోవర్ధనరావుగారే స్వయంగా దిగారు. మూడు కార్లు, వెనక పి.ఎ. హరిబాబు.

“ఈ కాంట్రాక్టు నీకెవరిచ్చారమ్మా?”

“ఎవరూ ఇవ్వలేదండి. నేనే చేస్తున్నాను.”

“బిల్లు?”

“ఉండదండి.”

గోవర్ధనరావుగారు ఆమెను ఎగాదిగా చూశారు. బిల్లు లేని పనిని అంత దగ్గర్నుంచి చూడటం ఆయనకి అదే మొదలు.

“దీని లోపల ఏముందో అందరూ చూడొచ్చట, నిజమేనా?”

“నిజమేనండి. అందుకే ఓపెన్ సోర్స్ అంటారు.”

“చూసి ఊరుకుంటారా?”

“ఊరుకోరండి. తప్పులు పట్టుకుంటారు.”

“ప్రతిపక్షం వాళ్ళు కూడానా?”

“ఎవరైనానండి.”

ఆయన నుదురు తుడుచుకున్నారు. “ఇంత అరాచకం మన జిల్లాలో జరుగుతూంటే నాకు చెప్పవేంటయ్యా హరిబాబూ!”

అరాచకాన్ని దారిలో పెట్టడానికి మర్నాడే అవనిగడ్డ గెస్ట్‌హౌస్‌లో మాటల కమిటీ కూర్చుంది. ఐదుగురు సభ్యులు. వారిలో ఇద్దరు కంప్యూటరుని చూసినవారే. స్వర్ణలతని కూడా పిలిపించారు. భోజనాలయ్యాక గోవర్ధనరావుగారు ఆమె జాబితా అందుకున్నారు.

“ఎర్రర్‌కి ఏం రాశావు?”

“‘పొరపాటు జరిగింది’ అని రాశానండి.”

“ప్రభుత్వ కంప్యూటర్లో పొరపాటు జరగడమేంటి? ‘ప్రతిపక్షాల కుట్ర’ అని రాయి. క్యాన్సిల్‌కి?”

“‘రద్దు’ అండి.”

“మనం దేన్నీ రద్దు చెయ్యం. ‘పరిశీలనలో ఉంది’ అని పెట్టు. ఇదేంటి, ‘నిష్క్రమణ’ట! పదవిలో ఉన్నవాడు చదివే మాటేనా? తీసెయ్యి.”

“తీసేస్తే బయటికి రావడం ఎలాగండి?”

“ఎందుకు రావాలి?” అన్నారాయన. ముప్పై ఏళ్ళుగా ఆయన్ని వేధిస్తున్న ప్రశ్న అది.

అలా పదకొండు మాటలు తేలాయి. స్వర్ణలత ఏదో అనబోయింది. హరిబాబు వంగి, “మీ శిక్షణ తరగతుల రెన్యూవల్ సార్ టేబుల్ మీదే ఉందమ్మా,” అని మర్యాదగా గుర్తుచేశాడు.

బందరు బస్సులో చల్లపల్లి దాకా ఆమెకి ఏడుపొచ్చింది. చల్లపల్లి దాటాక ఉపాయమొచ్చింది. శుక్రవారం తన నాలుగు వేల మాటలూ మార్చకుండా పంపింది. పదకొండు మాటల్ని వేరే ఫైల్లో, గోవర్ధనరావుగారి పేరు మీదే పంపింది.

మాటలు సరిచూసే జకరయ్య పుణేలో ఉంటాడు. శనివారమే జవాబిచ్చాడు. ‘నాలుగు వేల మాటలూ తీసుకున్నాం. పదకొండు మాటలు తీసుకోలేం. అవి పంపినాయనకి ఒంట్లో బాగానే ఉందా?’

గోవర్ధనరావుగారు మండిపడ్డారు. “ఆ జకరయ్యని శ్రీకాకుళం వేయించు హరిబాబూ!”

“ఆయనకి జీతం లేదండి సార్. ఊరికే చేస్తున్నాడు.”

“జీతం లేనివాణ్ణి ఎక్కడికని బదిలీ చేస్తామయ్యా?” ఆయన గొంతులో నిజమైన బాధ పలికింది.

అప్పటికే విజయం సాధించినట్టు పేపర్లకి ప్రకటన వెళ్ళిపోయింది కాబట్టి, అక్టోబరులో బందరు టౌన్‌హాల్లో ఆవిష్కరణ జరిపారు. తెర మీద ‘తెరువు’, ‘దాచు’, ‘రద్దు’ అని పెద్ద అక్షరాలు పడ్డాయి. ముందు వరుసలో ఒక ముసలి రైతు వాటిని కూడబలుక్కుని పైకి చదివాడు. స్వర్ణలత తెర వదిలేసి ఆయన్నే చూసింది.

తర్వాత గోవర్ధనరావుగారు ఒక్క వేలితో, ఏడు నిమిషాల్లో, తన పేరు టైపు చేశారు. కంప్యూటరు ఆ పేరు కింద మెలికలు మెలికలుగా ఎర్ర గీత గీసింది. తప్పు రాస్తే గీసే గీత అది.

“ఏంటమ్మా ఇది?”

“నిఘంటువులో లేని మాటలకి అలా వస్తుందండి,” అంది స్వర్ణలత. అబద్ధం కాదు.

“అంటే నా పేరు మామూలు మాటల్లో కలవదన్నమాట!” అన్నారాయన. హాలు దద్దరిల్లేలా చప్పట్లు.

చప్పట్లు ఆగకముందే ప్రతిపక్షం నాయకుడు నాగభూషణరావుగారు వేదికెక్కి తన పేరూ కొట్టారు. దానికీ ఎర్ర గీతే. గోవర్ధనరావుగారి మొహం మాడిపోయింది.

“ఆయనకెందుకొచ్చింది?”

“ఆయన పేరు కూడా నిఘంటువులో లేదండి.”

“చేర్చెయ్యి. ఆయన్నే కాదు, జిల్లాలో నాయకులందర్నీ చేర్చెయ్యి. నన్నొక్కణ్ణి వదిలెయ్యి.”

సోమవారం ఉత్తర్వు వచ్చింది, రెన్యూవల్ మీద సంతకంతో సహా. ఉత్తర్వు ప్రకారం సర్పంచులు మొదలుకుని, ఆయన్నొక్కణ్ణి వదిలేసి, జిల్లా నాయకులందరి పేర్లూ స్వర్ణలత సరైన మాటలుగా నిఘంటువులో చేర్చి పంపింది. జకరయ్య ఈసారి ఒక్కటీ తిప్పి పంపలేదు. ఓపెన్ సోర్స్‌కి సాధికార సంఘం తరఫున చేరిన తొలి సహకారం అదే.

గోవర్ధనరావుగారు విజిటింగ్ కార్డుల మీద తన పేరు కింద ఆ గీత కూడా అచ్చు వేయించారు. ప్రెస్సువాడు దాన్ని తిన్నగా వేసి పంపితే ఒప్పుకోలేదు. గీతలోని వంకర పోకూడదని గట్టిగా చెప్పి, కార్డులన్నీ మళ్ళీ వేయించారు.